రీవో లోయలోని తెల్లవస్త్రాల తండ్రి – పునీత ఏల్రెడ్

జనవరి 12వ తేదీ పునీత ఏల్రెడ్ పరమపదించిన రోజు. సిస్టర్సియన్ సభ సన్యాసులు ఆనాడు ఆయన్ని భక్తితో స్మరిస్తారు. మనం తరచుగా వినే పునీతుల పేర్లలో ఈయన పేరు ఉండదు. ఇంగ్లండులో మాత్రం పాడుబడిన పాత మఠాలను చూడడానికి వెళ్ళే యాత్రికులు ఏదో ఒక చోట ఈ పేరు వినకుండా తిరిగిరారు.

ఇంగ్లండు ఉత్తరభాగంలో యార్క్‌షైర్ అనే సీమ ఉంది. అక్కడ హెల్మ్స్‌లీ అనే ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో, రై అనే చిన్న ఏటి ఒడ్డున, అడవి కప్పిన కొండల నడుమ ఒక మహామఠం శిథిలాలు నిలబడి ఉన్నాయి. రై లోయలో వెలిసింది కాబట్టి ఫ్రెంచి పలుకుబడిలో దానికి రీవో అనే పేరు స్థిరపడింది. పైకప్పు లేదు. కిటికీలకు అద్దాలు లేవు. ఎత్తయిన రాతి తోరణాల కింద గడ్డి పెరుగుతుంది. మామూలుగా దేవాలయాలు తూర్పుముఖంగా కడతారు. ఇక్కడ లోయ ఇరుకు కావడంతో దేవాలయాన్ని దాదాపు ఉత్తర దక్షిణాలుగా కట్టుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళపాటు ఈ మఠానికి తండ్రిగా ఉన్నవారే ఏల్రెడ్.

ఆయన క్రీ.శ. 1110లో హెక్సం అనే పట్టణంలో పుట్టారు. తండ్రి ఐలాఫ్ ఆ ఊరి దేవాలయానికి గురువు. గురువుకు కొడుకేమిటని పాఠకులకు సందేహం రావచ్చు. ఆ రోజుల్లో ఉత్తర ఇంగ్లండులో గురువులు పెళ్ళి చేసుకోవడం, దేవాలయం తండ్రి నుంచి కొడుక్కి దక్కడం ఆనవాయితీగా ఉండేది. ఏల్రెడ్ ముత్తాత డరం పట్టణంలో పునీత కత్బర్ట్ సమాధికి కావలిగా ఉన్నవాడు. తాత కూడా అక్కడే సేవ చేశాడు. పోపు ఏడవ గ్రెగోరిగారి కాలంలో శ్రీసభలో సంస్కరణ మొదలై, గురువులందరూ బ్రహ్మచర్యం పాటించాలన్న నియమం గట్టిపడింది. 1083లో డరంలోని పెళ్ళయిన గురువులను తొలగించి వారి స్థానంలో బెనడిక్టు సభ సన్యాసులను పెట్టారు. ఏల్రెడ్ తాత హెక్సం చేరుకున్నాడు. అక్కడి పాత దేవాలయం కూలిపోయి, గోడల మధ్య చెట్లూ చేమలూ మొలిచి ఉంది. దాన్ని ఐలాఫ్ కష్టపడి బాగుచేశాడు. బాగుచేసిన కొద్దికాలానికే, 1113లో, యార్క్ అగ్రపీఠాధిపతి దాన్ని అగస్టీను నియమం పాటించే సన్యాసులకు అప్పగించారు. అప్పటికి ఏల్రెడ్‌కు మూడేళ్ళు.

సంస్కరణ న్యాయమైనదే. దాని దెబ్బ తగిలిన ఇల్లు మాత్రం ఆయనది. తండ్రి మనసులోని బాధను చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక అదే సంస్కరణ మార్గంలో అందరికంటే కఠినమైన సభలో చేరడం, చేరాక కూడా తండ్రిని తప్పుపట్టకుండా ఉండడం గమనించదగ్గ విషయం. 1138లో ఐలాఫ్ జబ్బుపడి, తమ కుటుంబాన్ని వెళ్ళగొట్టిన ఆ డరం మఠంలోనే సన్యాసవస్త్రం ధరించి, హెక్సం మీద తనకున్న హక్కులన్నీ వదులుకుని కన్నుమూశాడు. ఆ త్యాగానికి సాక్షిగా ఏల్రెడ్ అక్కడే ఉన్నారు.

మళ్ళీ కాస్త వెనక్కి వెళదాం. పద్నాలుగు, పదిహేనేళ్ళ ప్రాయంలో ఏల్రెడ్‌ను స్కాట్లాండు రాజైన డేవిడ్ ఆస్థానానికి పంపారు. రాజకుమారుడు హెన్రీ, రాణిగారి మొదటి భర్త పిల్లలైన సైమన్, వాల్దెఫ్ ఆయనకు ఆటపాటల్లో తోడు. రాజు ఆయన్ని ఎంతగానో నమ్మి, వయసు వచ్చాక రాజగృహ నిర్వహణ అప్పగించారు. భోజనశాల, వంటశాల, వచ్చేపోయే అతిథులు, ఖర్చువెచ్చాలు అన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి. ఒక యోధుడు అసూయతో రాజు ఎదుటే ఆయన్ని నీచమైన మాటలతో అవమానించాడట. ఏల్రెడ్ కోపగించుకోకుండా తనలో లోపాలు ఉన్నమాట నిజమేనని ఒప్పుకున్నారు. తర్వాత ఆ యోధుడే సిగ్గుపడి క్షమాపణ చెప్పుకుని స్నేహితుడయ్యాడు.

పైకి అన్నీ ఉన్నాయి. లోపల మాత్రం శాంతి లేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. స్నేహాలంటే ఆయనకు ప్రాణం. ఆ స్నేహాల్లోనే కొన్ని తనను తప్పుదారి పట్టిస్తున్నాయన్న భయమూ ఉండేది. ఒక దశలో బతుకు మీదే విరక్తి కలిగింది.

1134లో రాజు పనిమీద ఏల్రెడ్ యార్క్ అగ్రపీఠాధిపతి తర్‌స్టన్ గారి వద్దకు వెళ్ళారు. అక్కడ ఒక కొత్త వార్త చెవిన పడింది. రెండేళ్ళ కిందట, అంటే 1132లో, ఫ్రాన్సు దేశంలోని క్లెర్వో మఠం నుంచి పునీత బెర్నార్డు పంపిన కొందరు సన్యాసులు రై లోయలో దిగారు. హెల్మ్స్‌లీ కోటకు ప్రభువైన వాల్టర్ ఎస్పెక్ వారికి భూమి ఇచ్చాడు. బెర్నార్డు దగ్గర లేఖకుడిగా ఉన్న విలియం అనే ఇంగ్లీషు సన్యాసి వారికి మొదటి మఠాధిపతి. రంగు వేయని ఉన్నితో నేసిన బట్ట కట్టుకోవడంతో జనం వారిని తెల్ల సన్యాసులని పిలిచేవారు. మాంసం ముట్టరు, అనవసరంగా మాట్లాడరు, తమ చేతులతో పొలం దున్నుకుంటారు. ఏల్రెడ్ ఆ రాత్రి వాల్టర్ ఎస్పెక్ ఇంట బసచేసి, మరునాడు వెళ్ళి మఠం చూసివచ్చారు. ప్రార్థనశాలలోకి తీసుకెళ్ళి, వాక్యం చదివి వినిపించి, ఆదరంగా మాట్లాడారు. కళ్ళనీళ్ళు వచ్చాయి. అయినా సాయంత్రం కోటకు తిరిగివచ్చారు. రాజుగారి పని ఉంది కదా.

తెల్లవారి గుర్రమెక్కి స్కాట్లాండు దారి పట్టారు. దారి ఆ లోయ పైనున్న కొండ అంచు మీదుగా సాగుతుంది. అక్కడికి వచ్చాక కింద మఠం కనిపించింది. ఏల్రెడ్ గుర్రాన్ని ఆపి, వెంట ఉన్న సేవకుల్లో ఒకణ్ణి, మరోసారి కిందికి దిగి చూసివద్దామా అని అడిగారు. ఆ సేవకుడు చూద్దామన్నాడు. దిగారు. ఆ దిగడం జీవితాంతానికి దిగడం అయింది. నాలుగు రోజులు అతిథిగృహంలో ఉండి, ఉన్నదంతా పంచిపెట్టి, ఏల్రెడ్ అక్కడే నవసన్యాసిగా చేరిపోయారు. వెంట వచ్చినవారిలో ఒకడు ఆయనతోపాటే ఉండిపోయాడు. ఆనాడు సేవకుడు వద్దని ఉంటే తాను కిందికి దిగేవాణ్ణి కాదని ఏల్రెడ్ ముసలితనంలో వినయంగా చెప్పుకునేవారట. ఆ సేవకుడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏల్రెడ్ గురించి మనకు తెలిసిన సంగతుల్లో ఎక్కువభాగం వాల్టర్ డేనియల్ అనే సన్యాసి రాసిన జీవితచరిత్ర నుంచి వచ్చినవే. ఈ వాల్టర్ పదిహేడేళ్ళు ఆయన నీడలో మెలిగి, జబ్బులో సేవచేసినవాడు. కొంచెం కోపిష్ఠి. గురువును ఎవరైనా ఒక మాట అంటే ఓర్చుకోలేడు. అందుచేత అతని పుస్తకంలో పొగడ్త ఎక్కువే. అయినా కంటితో చూసినవాడి రాత అని చదువుతుంటేనే తెలుస్తుంది.

ఏల్రెడ్ తనమీద తాను చాలా కఠినంగా ఉన్నారు. నవసన్యాసుల ఇంటి నేల కింద ఇటుకలతో ఒక చిన్న తొట్టి కట్టించి, ఎవరూ చూడని వేళ మెడదాకా ఆ మంచునీళ్ళలో నిలబడి శరీరాన్ని అదుపులో పెట్టుకునేవారు. యార్క్‌షైర్ శీతకాలంలో అది ఎంత కఠోరమో ఊహించుకోవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి కాలంలో ఆయన ఇతరుల పట్ల మెత్తగా ఉన్నారని విమర్శించినవారికి ఈ తొట్టి సంగతి తెలియదు.

అక్కడ సైమన్ అనే సన్యాసితో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. మౌనవ్రతం కాబట్టి ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. అతని నడక, ముఖకవళిక, నిశ్శబ్దం చూసే తాను ఎంతో నేర్చుకున్నానని ఏల్రెడ్ రాశారు. సైమన్ చిన్నవయసులోనే చనిపోయాడు. అప్పటికి ఏల్రెడ్ ఒక పెద్ద గ్రంథం రాస్తున్నారు. ఆ గ్రంథంలో దైవప్రేమను గురించి శాస్త్రబద్ధంగా సాగుతున్న చర్చ మధ్యలో ఆపి, పుటలకు పుటలు స్నేహితుడి కోసం విలపించారు. సన్యాసి కన్నీరు పెట్టవచ్చునా అని అడిగేవారు ఆనాడూ ఉన్నారు. లాజరు సమాధి వద్ద యేసు ప్రభువు కన్నీరు కార్చలేదా అన్నది ఆయన సమాధానం.

ఆ గ్రంథం పేరు ప్రేమదర్పణం. అది పుట్టిన తీరు కూడా ముచ్చటైనది. 1142లో యార్క్ అగ్రపీఠాధిపతి ఎన్నిక తగాదాలో పడింది. ఆ వ్యవహారం మీద రీవో మఠాధిపతి ఏల్రెడ్‌ను రోముకు పంపారు. ఆ రోజుల్లోనే పునీత బెర్నార్డు ఆయన శక్తిని గుర్తించి, సిస్టర్సియన్ జీవితాన్ని సమర్థిస్తూ ఒక పుస్తకం రాయమని ఆజ్ఞాపించారు. ఏల్రెడ్ తప్పించుకోజూశారు. తాను పాఠశాలల నుంచి వచ్చినవాణ్ణి కాదని, వంటశాల నుంచి వచ్చినవాణ్ణని, వ్యాకరణం సరిగా రాదని మొరపెట్టుకున్నారు. బెర్నార్డు ఒప్పుకోలేదు. పాఠశాలలో దొరకని జ్ఞానం అడవిలో, బండల మధ్య, చెట్ల నీడన దొరికి ఉంటుందని బదులు రాసి, విధేయత పేరిట కలం పట్టించారు.

1143లో రీవో నుంచి పుట్టిన కొత్త మఠానికి, లింకన్‌షైర్‌లోని రెవెస్బీకి, ఆయన్ని మఠాధిపతిగా పంపారు. నాలుగేళ్ళలో అది స్థిరపడింది. 1147లో రీవో సన్యాసులు ఆయన్నే తమ తండ్రిగా ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన వయసు 37.

ఏల్రెడ్ మఠాన్ని ఎలా నడిపారో చెప్పాలంటే ఒక చంచలచిత్తుడైన సన్యాసి కథ చెప్పాలి. అతని పేరు వాల్టర్ రాయలేదు, బహుశా ఉద్దేశపూర్వకంగానే. ఏల్రెడ్ నవసన్యాసుల గురువుగా ఉన్న రోజుల్లో ఇతడు మఠంలో చేరాడు. కొన్నాళ్ళకు మనసు నిలవక వెళ్ళిపోతానన్నాడు. ఏల్రెడ్ ఎంత చెప్పినా వినకుండా బయటపడ్డాడు. రోజంతా అడవిలో దారితెన్నూ లేకుండా నడిచి నడిచి, పొద్దుగూకే వేళకు ఎదురుగా ఒక ద్వారం కనిపిస్తే లోపలికి అడుగుపెట్టాడు. చూస్తే అది రీవో మఠమే! ఏల్రెడ్ అతణ్ణి మెడచుట్టూ చేతులువేసి హత్తుకుని, నీకోసం ఎంత ఏడ్చానో తెలుసా అన్నట్టుగా పలకరించారు. తిట్లూ లేవు, శిక్షా లేదు.

కొన్నేళ్ళకు అతనికి మళ్ళీ ఆ జబ్బే. అప్పుడు ఏల్రెడ్ రెవెస్బీలో మఠాధిపతి. ఈ పనులూ ఈ తిండీ ఈ ముతకబట్టలూ తనవల్ల కాదని అతను వచ్చి చెప్పాడు. సుఖంగా బతకాలని ఉందన్నాడు. నీవు తిరిగివచ్చేదాకా నేను అన్నం ముట్టనని ఏల్రెడ్ తీర్మానించుకున్నారు. ఉపమఠాధిపతి వచ్చి ఒక పనికిమాలినవాడికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని మందలించాడు. అయినా ఏల్రెడ్ కదలలేదు. ఇంతలో ఆ సన్యాసి గేటు దాకా వెళ్ళాడు. తలుపులు బార్లా తీసి ఉన్నా అక్కడ గాలి గోడకట్టినట్టు అడుగు ముందుకు పడలేదట. తిరిగివచ్చి ఏల్రెడ్ పాదాలమీద పడ్డాడు. ఆ గాలిగోడను వాల్టర్ అద్భుతమని రాశాడు. తనకోసం ఒక మనిషి పస్తున్నాడని తెలిసినవాడి కాళ్ళు గడప దాటకపోవడం కూడా చిన్న అద్భుతమేమీ కాదు.

ఆ సన్యాసి చివరికి ఏమయ్యాడు? రీవో నుంచి మరో మఠాన్ని తీర్చిదిద్దడానికి పంపిన బృందంలో అతనూ వెళ్ళాడు. తిరిగివచ్చాక కొద్దిరోజుల్లోనే జబ్బుచేసి, ఏల్రెడ్ చేతుల మధ్య తలపెట్టుకుని ప్రాణం విడిచాడు. అన్నిసార్లు పారిపోబోయినవాడు సన్యాసిగానే మరణించాడు.

ఈ ఓర్పు సంగతి చుట్టుపక్కల పాకిపోయింది. ఇతర మఠాలు వద్దన్నవారు, ఎక్కడా ఇమడలేనివారు, జబ్బుమనుషులు, దిగులుమనుషులు రీవో ద్వారం తట్టడం మొదలుపెట్టారు. బలహీనులను భరించడమే ఆ మఠానికి గొప్ప పేరని ఏల్రెడ్ భావించేవారు. వాల్టర్ లెక్క ప్రకారం ఆయన చివరి రోజుల్లో అక్కడ 140 మంది సన్యాసులు, 500 మంది శ్రామిక సహోదరులు, పనివారు ఉన్నారు. సన్యాసులు చదువుకున్నవారు, దేవాలయంలో రాత్రింబవళ్ళు కీర్తనలు పాడేవారు. శ్రామిక సహోదరులు అక్షరం రానివారు. పరలోక జపం, కొద్దిపాటి ప్రార్థనలు కంఠతా పట్టి, పొలాల్లో, గొర్రెల మందల వెంట, కమ్మరం, వడ్రంగం పనుల్లో జీవితం గడిపేవారు. పండుగనాడు అందరూ దేవాలయంలో చేరితే తల తిప్పడానికి చోటు ఉండేది కాదు. ఆ పదిహేడేళ్ళలో ఏల్రెడ్ ఒక్కరిని కూడా వెళ్ళగొట్టలేదని, చెప్పకుండా పోయినవారు నలుగురైతే వారిలో ఒక్కడు తప్ప అందరూ తిరిగివచ్చారని వాల్టర్ సాక్ష్యం.

నిందలు లేకపోలేదు. ఇంత మెత్తదనమైతే నియమం ఏమైపోతుందని బయటి మఠాల్లో అనుకునేవారు. స్వయంగా ఆయన మీదే తిండిపోతని, వేడినీళ్ళ స్నానాల సుఖాలకు అలవాటుపడ్డాడని ప్రచారం చేసినవారున్నారు. నిజానికి ఆయన ఒంట్లో రాళ్ళజబ్బు. మూత్రంలో రాయి అడ్డుపడి మెలికలు తిరిగిపోయే మనిషికి వేడినీటి తొట్టి వైద్యం తప్ప భోగం కాదు. దానికితోడు కీళ్ళవాతం. ఒక్కోసారి దుప్పటి నాలుగు కొసలు పట్టుకుని మోసుకుపోతే తప్ప కదలలేకపోయేవారు.

ఆయన చనిపోవడానికి పదేళ్ళ ముందు సిస్టర్సియన్ మహాసభ ఆయనకు మినహాయింపు ఇచ్చింది. రోగుల విడిదిలో ఉండవచ్చు, అక్కడే భోంచేయవచ్చు, పడుకోవచ్చు, వీలైన వేళ దివ్యబలిపూజ చేసుకోవచ్చు అన్నారు. ఏల్రెడ్ ఆ విడిది పక్కనే ఒక చిన్న గది కట్టించుకున్నారు. మఠమంతా మౌనం. ఆ గదిలో మాత్రం మాటలు. రోజుకు ఇరవై ముప్పైమంది సన్యాసులు అక్కడికి వచ్చి, ఆయన మంచం చుట్టూ కూర్చునేవారు. కొందరు మంచం మీదే కూర్చునేవారు. తల్లి దగ్గర చేరిన పిల్లల్లాగా లేఖనాల గురించి, సభ నియమాల గురించి, ఎవరి మనసులో ఏముంటే దాని గురించి మాట్లాడుకునేవారు. వేళయింది లేవండి, మఠాధిపతి మంచాన్ని ముట్టుకోకండి అని గద్దించేవారు లేరు.

ఒకరోజు ఆ గదిలో జరిగినది వాల్టర్ వణుకుతూ రాసినట్టుంటుంది. ఏల్రెడ్ నొప్పితో మూలుగుతూ నిప్పుల దగ్గర చాపమీద ముడుచుకుని పడుకున్నారు. పశుబలం గల ఒక సన్యాసి కోపంతో ఊగిపోతూ లోపలికి వచ్చాడు. చాప రెండువైపులా పట్టుకుని మఠాధిపతిని చాపతో సహా ఎత్తి, దొంగ మనిషీ, నేడు నీ పని అయిందన్నట్టుగా అరుస్తూ నిప్పుల్లోకి విసిరాడు. పక్కనే ఉన్న వాల్టర్ ఉరికి అతని గడ్డం పట్టుకున్నాడు. కేకలు విని మిగిలినవారు పరుగెత్తుకు వచ్చారు. అందరూ కలిసి అతణ్ణి చావగొట్టేవారే. ఏల్రెడ్ తన నొప్పి మరిచిపోయి చేతులు అడ్డంపెట్టారు. అతను నా బిడ్డ, జబ్బుతో ఉన్నాడు, నాకేమీ కాలేదు, ఎవరూ ముట్టుకోవద్దని బతిమిలాడారు. అతని తల దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టి దీవించారు. వెళ్ళగొట్టలేదు, శిక్ష వేయనివ్వలేదు. తన మీద జరిగిన దౌర్జన్యం కనుక క్షమించే హక్కు తనదేనని ఆయన వాదన. వాల్టర్‌కు ఆ క్షమాపణ అంత సులభంగా మింగుడుపడలేదని అతని రాతలోనే తెలిసిపోతుంది.

స్నేహాన్ని గురించి ఏల్రెడ్ రాసిన ఆధ్యాత్మిక స్నేహం అనే పుస్తకం ఆయన రచనల్లోకెల్లా పేరుపొందినది. యౌవనంలో చదివిన రోమను రచయిత సిసెరో గ్రంథం దానికి పునాది. క్రీస్తు పేరు లేని ఆ పుస్తకం తర్వాత రోజుల్లో తనకు చప్పగా అనిపించిందని ఆయన అంటారు. సన్యాసులు ఎవరితోనూ ప్రత్యేకస్నేహం చేయకూడదని పెద్దలు హెచ్చరించే కాలంలో, నిజమైన స్నేహంలో ఇద్దరి మధ్య మూడవవాడుగా క్రీస్తు ఉంటాడని ఆయన ధైర్యంగా రాశారు. ఆ నమ్మకానికి ఆయన జీవితంలో పరీక్ష కూడా వచ్చింది. 1138 ఆగస్టు 22న డేవిడ్ రాజు ఇంగ్లండు మీదికి దండెత్తి, నార్తలర్టన్ వద్ద ఘోరంగా ఓడిపోయారు. ఆ యుద్ధరంగం రీవోకు ఎంతో దూరం కాదు. ఒకవైపు తనను పెంచిన రాజు, చిన్ననాటి నేస్తం హెన్రీ. ఎదుటివైపు మఠానికి భూమి ఇచ్చిన వాల్టర్ ఎస్పెక్. తర్వాత ఏల్రెడ్ ఈ యుద్ధచరిత్ర రాసినప్పుడు దోపిడీలు చేసినవారి క్రూరత్వాన్ని దాచలేదు, ఇరువైపులా ఉన్న తన ఆప్తుల మంచితనాన్నీ దాచలేదు.

ఒక విషయం మాత్రం చదివేవారి మనసు కలుక్కుమనేలా చేస్తుంది. యార్క్‌షైర్‌లోని వాటన్ అనే కన్యస్త్రీల మఠంలో శీలం తప్పిన ఒక యువతి మీద, ఆమెను చెడగొట్టిన యువకుడి మీద తోటి కన్యస్త్రీలు అతిక్రూరంగా ప్రవర్తించారు. ఆ సంగతి విచారించడానికి ఏల్రెడ్‌ను పిలిచారు. ఆయన దాన్ని రాసిపెట్టారు. చేసిన పనిని మెచ్చుకోలేదు, వారి పట్టుదలను మాత్రం మెచ్చుకున్నారు. నిప్పుల్లో పడేసినవాణ్ణి ముద్దుపెట్టుకున్న మనిషి కలం నుంచి ఆ యువతి పట్ల ఇంకొంచెం జాలి వచ్చి ఉండవలసిందని అనిపిస్తుంది. పునీతులు కూడా తమ కాలం గాలి పీల్చినవారే.

ఇంత జబ్బులోనూ ఆయన ప్రయాణాలు మానలేదు. రీవో నుంచి పుట్టిన మఠాలను తనిఖీ చేయడం మఠాధిపతి విధి. గుర్రం మీద స్కాట్లాండులోని మెల్‌రోస్, డండ్రెనన్ దాకా వెళ్ళేవారు. డండ్రెనన్‌లో అప్పటికి సరైన కట్టడాలు లేవు. వానాకాలంలో కప్పు కారే గుడిసెలోనే పడుకున్నారు. మెల్‌రోస్‌లో చిన్ననాటి స్నేహితుడు వాల్దెఫ్ మఠాధిపతిగా ఉండేవారు. రాజగృహంలో కలిసి పెరిగిన ఇద్దరూ చివరికి ఒకే సభలో తెల్లబట్ట కట్టుకున్నారు. మఠాల బయట ఒక చిన్న గదిలో ఏకాంత ప్రార్థనాజీవితం గడిపే తన సోదరి కోసం ఏల్రెడ్ ఒక నియమావళి రాసి ఇచ్చారు. 1163లో పునీత ఎడ్వర్డు రాజు భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టరులో కొత్త సమాధిలోకి మార్చిన సందర్భంలో ఆ రాజు జీవితచరిత్రను రాసింది కూడా ఈయనే.

1166 క్రిస్మసు నాటికి శరీరం పూర్తిగా ఓడిపోయింది. పొడిదగ్గు, ఊపిరాడకపోవడం, నొప్పులు. జనవరి మొదట్లో సన్యాసులందరినీ పిలిపించి వీడ్కోలు చెప్పారు. తర్వాత తన సొంత ఆస్తి తెప్పించారు. వ్యాఖ్యానం రాసుకున్న కీర్తనల గ్రంథం, పునీత అగస్టీను ఆత్మకథ, యోహాను సువార్త ప్రతి, కొన్ని పునీతుల అవశేషాలు, ఒక చిన్న సిలువ. తనకు తోడుగా ఉన్నవి ఇవేనని, ఇంతకుమించి వెండిబంగారాలేవీ లేవని చెప్పి సభకు అప్పగించారు. జీవితమంతా లాటినులో ప్రార్థించి, లాటినులో రాసి, లాటినులో బోధించిన ఆ మహానుభావుడు చివరి గడియల్లో తల్లిభాషకు మళ్ళారు. క్రీస్తు ప్రేమకోసం త్వరపడండని దేవదూతలను వేడుకుంటూ, ఆ నామాన్ని మాత్రం ఇంగ్లీషులోనే పలికేవారు. అది ఆ భాషలో ఒక్క అక్షరంలో ఇమిడిపోతుందని, చెవికి తీయగా ఉంటుందని వాల్టర్ వివరణ ఇచ్చాడు. సభ ఆచారం ప్రకారం ఆయన్ని గోనెపట్టా మీద, బూడిద మీద పడుకోబెట్టారు. 1167 జనవరి 12 రాత్రి ఆయన కన్నుమూశారు. అప్పుడు ఆయనకు 57వ ఏడు. మఠం సభామందిరంలో, మొదటి మఠాధిపతి విలియం పక్కన సమాధి చేశారు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 13వ శతాబ్దంలో దేవాలయం తూర్పుభాగాన్ని మరింత వైభవంగా తిరిగి కట్టారు. నేడు చూసేవారిని ఆకట్టుకునే ఎత్తయిన తోరణాలు అప్పటివే. వాటితోపాటే అప్పులు పెరిగాయి. గొర్రెలకు తెగులు వచ్చి ఉన్ని ఆదాయం పోయింది. 1322లో స్కాట్లాండు సేనలు మఠాన్ని దోచుకున్నాయి. తర్వాత మహమ్మారి వచ్చింది. 1380 ప్రాంతానికి 15 మంది సన్యాసులు, 3 సహోదరులు మిగిలారు. 640 మంది ఉన్న ఇంట్లో పద్దెనిమిది మంది! 1538 డిసెంబరు 3న ఎనిమిదవ హెన్రీ రాజు అధికారులు వచ్చినప్పుడు మఠాధిపతితో కలిపి ఉన్నది ఇరవై పైచిలుకు. వారు సంతకాలు పెట్టి మఠం అప్పగించి వెళ్ళిపోయారు. మఠం భూములు రట్లండు ప్రభువు పరమయ్యాయి. గంటలు దించారు, కప్పు మీది సీసం ఒలిచారు, దూలాలు మంటపెట్టి ఆ సీసాన్ని దిమ్మెలుగా కరగబోశారు. సన్యాసుల ఇనుప కొలిమి మాత్రం మరో వంద సంవత్సరాలు ఇతరుల చేతుల్లో నడిచింది.

1917లో ఆ శిథిలాలను ప్రభుత్వం సంరక్షణలోకి తీసుకుంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన మాజీ సైనికులు పనివారుగా చేరి, కూలిన రాళ్ళ గుట్టలను తొలగించారు. ఏల్రెడ్ కట్టించిన సభామందిరం పునాదులు, ఒక కొస అర్ధచంద్రాకారంగా తిరిగిన గోడ బయటపడ్డాయి. దేవాలయం పడమటి చివర కూలిన రాళ్ళ కింద రాజముద్ర వేసిన సీసపు దిమ్మెలు దొరికాయి. 1538లో కరగబోసినవారు వాటిని తీసుకుపోకముందే గోడ వాటిమీద కూలి ఉంటుంది. దాదాపు నాలుగు వందల ఏళ్ళు అవి అక్కడే ఉండిపోయాయి. ఆ సమయంలో యార్క్ మహాదేవాలయంలో అయిదుగురు అక్కచెల్లెళ్ళ కిటికీ అని పిలిచే 13వ శతాబ్దపు గాజుకిటికీని విప్పి బాగుచేస్తున్నారు. గాజు ముక్కలను పట్టి ఉంచడానికి సీసం కావాలి. రీవోలో దొరికిన సీసాన్ని అక్కడికి పంపారు. 1925లో ఆ కిటికీని, యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన స్త్రీల స్మారకంగా తిరిగి అంకితం చేశారు.